హోలా మహల్లా: దక్కను నేలపై ఒక యుద్ధాభ్యాస పర్వం

వ్యాససంగ్రహం: హోలీ మరునాడు సిక్కులు జరుపుకొనే హోలా మహల్లాను ‘సిక్కుల హోలీ’గా పరిచయం చేయడం తెలుగు పాఠ్యాల్లో పరిపాటి. ఆ పరిచయం పండుగ స్వభావాన్ని మరుగుపరుస్తుంది. ఇది ఆయుధం పట్టే హక్కు లేని వారికి ఆయుధవిద్య నేర్పే అభ్యాసంగా పుట్టింది. దక్కనులో ఆ విద్య నిజాం కొలువులో జీవనోపాధి అయింది. పంజాబులో బ్రిటిషు పాలన, సంస్కరణోద్యమాలు సిక్కు ఆచారాలను మార్చుతున్న కాలంలో, హైదరాబాదు రాజ్యపు హద్దుల్లో ఉన్న నాందేడ్‌లో పాత పద్ధతి నిలిచింది. ఆ నిలకడకు గల చారిత్రక కారణాలనూ, సైన్యం రద్దయిన తరువాత ఆ ఆచారం ఎదుర్కొంటున్న ప్రశ్ననూ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: హోలా మహల్లా, నాందేడ్, దక్కనీ సిక్కులు, లాహోరీ ఫౌజ్, నిహంగులు, గత్కా, హైదరాబాదు రాజ్యం

ఉపోద్ఘాతం

కొత్తకోట, పెబ్బేరు, వనపర్తి పరిసర గ్రామాల్లో ఫాల్గుణ పౌర్ణమిని కాముని పున్నమ అంటారు. పిల్లలు జాజిరి పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగి కట్టెలు, పిడకలు పోగుచేసి కాముణ్ణి కాలుస్తారు. తండాల్లో లంబాడీల లెంగి పాటలు సాగుతాయి. తెల్లవారితే రంగులు. తెలుగు పంచాంగం ప్రకారం ఆ రోజు ఫాల్గుణ బహుళ పాడ్యమి. ఉత్తరాదిన పౌర్ణమితో నెల ముగుస్తుంది కనుక పంజాబీ లెక్కలో అదే రోజు చైత్రమాసపు మొదటి తిథి, ‘చేత్ వదీ ఏక్’. ఆ రోజునే పంజాబులోని ఆనంద్‌పూర్ సాహిబ్‌లోనూ, గోదావరి ఒడ్డున నాందేడ్‌లోనూ నగారాలు మోగుతాయి, గుర్రాలు బయలుదేరుతాయి, ఒరల నుంచి కత్తులు బయటికి వస్తాయి.

కొత్తకోట మీదుగా పోయే 44వ జాతీయ రహదారి ఉత్తరంగా హైదరాబాదు, నాగపూర్, ఢిల్లీలను దాటి లూధియానా, జలంధర్‌ల మీదుగా సాగుతుంది. ఆ దారి వెంట వచ్చిన లారీలు, పంజాబీ ధాబాల వల్లనే దక్షిణ తెలంగాణకు సిక్కులతో పరిచయం కలిగిందన్న భావన సామాన్యంగా వినిపిస్తుంది. నిజానికి ఆ పరిచయం రహదారి కన్నా చాలా పాతది. దానికి మూలం వర్తకం కాదు, సైనికవృత్తి. నాందేడ్ 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాజ్యంలోని జిల్లా కేంద్రం. అంటే మహబూబ్‌నగర్ జిల్లా ప్రజలూ, గురు గోవింద్ సింగ్ సమాధి స్థలంలో కత్తి పట్టి పరుగెత్తే నిహంగులూ తరాల పాటు ఒకే రాజ్యపు ప్రజలు. పంజాబు గురించి రాసేటప్పుడు తెలుగు రచయితలు తరచుగా మరచిపోయే సంగతి ఇది.

పదచర్చ

‘హోలీ’ పంజాబీలో స్త్రీలింగ పదం. ‘హోలా’ దానికి పుంలింగ రూపం. ఈ మార్పు యాదృచ్ఛికం కాదు. నిహంగుల పలుకుబడిలో స్త్రీలింగ పదాలను పుంలింగంగా మార్చి పలకడం, కొద్దిదాన్ని గొప్పగా చెప్పడం ఒక పద్ధతి. ‘ఖాల్సా బోలే’ అని పిలిచే ఈ పరిభాషలో ఒక్క సిక్కు వస్తే సవా లక్ష మంది వచ్చారంటారు. వేయించిన శనగలు బాదం పప్పులవుతాయి, ఉల్లిపాయ వెండి అవుతుంది. అడవుల్లో ఆకలితో తిరిగిన రోజుల్లో లేమిని హాస్యంతో జయించడానికి పుట్టిన భాష అది. హోలీని హోలాగా మార్చడంలోనూ ఆ ధోరణి కనిపిస్తుంది.

రెండవ పదంపై అభిప్రాయభేదం ఉంది. 1930లో వెలువడిన ‘మహాన్ కోశ్’ కర్త కాన్హ్ సింగ్ నాభా ఈ జంటపదాన్ని హల్లా, అంటే దాడి, దాడి జరిగే చోటు అన్న అర్థంలో వివరించారు. మరో వివరణ ‘మహల్లా’ను దిగడం, విడిది చేయడం అనే అర్థమున్న అరబీ ధాతువుతో ముడిపెడుతుంది. విడిది చేసే సేన, ఆ సేన కదిలే బారు, చివరకు ఆ బారును పోలిన ఊరేగింపు అన్న క్రమంలో అర్థం విస్తరించిందన్నమాట. హైదరాబాదు ఉర్దూ విని పెరిగిన తెలుగు పాఠకులకు మొహల్లా అంటే బస్తీ, వాడ. ఆ వాడకు మూలం కూడా జనం దిగిన చోటు అనే అర్థమే. నాందేడ్‌లో ఈనాటికీ ‘మహల్లా’ అంటే ఊరేగింపే. దసరా మహల్లా, దీపావళి నాటి దీపమాలా మహల్లా అన్న ప్రయోగాలు అక్కడ వాడుకలో ఉన్నాయి. దక్కను వాడుక రెండవ వివరణకు బలం చేకూరుస్తున్నది. అయితే నాందేడ్ ఊరేగింపులో ‘హల్లా’ కూడా ప్రత్యక్షంగా జరుగుతుంది గనుక మొదటి వివరణను తోసిపుచ్చడం కుదరదు. ఈ వ్యాసంలో పండుగ పేరును నాందేడ్ ఉచ్చారణను అనుసరించి ‘మహల్లా’గానే వాడటమైంది.

ఆనంద్‌పూర్: పుట్టుకతో రాని విద్య

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను స్థాపించాడు. ఆ తరువాత, 1701 ప్రాంతంలో, పట్టణానికి వాయవ్యంగా చరణ్‌గంగ వాగుకు ఆవల ఉన్న హోల్‌గఢ్ కోట వద్ద మొదటి హోలా మహల్లా జరిగిందని సంప్రదాయం చెబుతుంది. పద్ధతి సరళమైనది. సిక్కులు రెండు దళాలుగా విడిపోతారు. అనుభవజ్ఞులు నాయకత్వం వహిస్తారు. ఒక దళం నిర్ణీత స్థలాన్ని కాపాడాలి, రెండవ దళం దాన్ని పట్టుకోవాలి. గురువు స్వయంగా చూసి, గెలిచిన వారికి ‘సిరోపా’ అనే గౌరవ వస్త్రం ఇచ్చేవాడు. హోలీ మరునాటిని ఇందుకు ఎంచుకోవడంలో ఉద్దేశం స్పష్టం: పండుగకు చేరిన జనసమూహం అభ్యాసానికి మిగలాలి.

ఇందులో పాల్గొన్న వారు ఎవరన్నది అసలు విషయం. ఖాల్సాలో మొదట దీక్ష తీసుకొన్న ‘పంజ్ ప్యారే’ ఐదుగురిలో లాహోరు ఖత్రీ దయా సింగ్, హస్తినాపురపు జాట్ ధరమ్ సింగ్, జగన్నాథపురికి చెందిన నీళ్లు మోసే కులస్థుడు హిమ్మత్ సింగ్, ద్వారకకు చెందిన బట్టల అద్దకపు పనివాడు మొహ్‌కమ్ సింగ్, బీదరుకు చెందిన క్షురక కులస్థుడు సాహిబ్ సింగ్ ఉన్నారని సిక్కు సంప్రదాయం. ఐదవ వ్యక్తి ఊరు దక్కనుదే. తెలంగాణ పడమటి సరిహద్దును ఆనుకొనే ఉన్న బీదరు 1956 వరకు హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. మంగలి వృత్తి వాడు, నీళ్లు మోసేవాడు కత్తి పట్టి, చమ్‌కౌర్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన వారిలో చేరారు. వంశపారంపర్యంగా ఆయుధవిద్య దక్కని కులాల వారు సైనికులు కావాలంటే వారికి ఎవరో నేర్పాలి, ఏటా పరీక్షించాలి. హోలా మహల్లా అందుకే అవసరమైంది.

ఈ కోణం నుంచి చూస్తే, 19వ శతాబ్దపు బ్రిటిషు అధికారులు ప్రచారం చేసిన ‘యుద్ధజాతులు’ అన్న సిద్ధాంతం ఈ పండుగకు పూర్తిగా విరుద్ధమైనది. రక్తంలోనే వీరత్వం ఉంటే ఏటా సాధన చేయవలసిన పని లేదు. విచారకరమేమంటే, పర్యాటక శాఖల కరపత్రాలు నేటికీ ఆ వలసకాలపు భాషనే వాడుతున్నాయి.

నేటి ఆనంద్‌పూర్ ఉత్సవంలో కృత్రిమ యుద్ధం చాలావరకు ఊరేగింపుగా, ప్రదర్శనగా మారింది. తఖ్త్ కేశ్‌గఢ్ నుంచి బయలుదేరి పట్టణంలోని కోటల మీదుగా చరణ్‌గంగ ఇసుక మైదానానికి చేరడం, అక్కడ గుర్రపుస్వారీ, పరుగెత్తే గుర్రం మీద నుంచి బల్లెంతో నేలలోని మేకును పెకలించే ‘నేజాబాజీ’, కర్రతో డాలుతో సాగే గత్కా, రాత్రి వేళ కవిసమ్మేళనాలు, ఎక్కడికక్కడ లంగరు. నీలి దుస్తులు, ఎత్తైన తలపాగాలు, వాటిపై ఉక్కు చక్రాలతో బుడ్ఢాదళ్, తరుణాదళ్ నిహంగులు ఈ ఉత్సవానికి ఆకర్షణ. లక్షల మంది వస్తారు.

నాందేడ్‌కు దారి

1707లో ఔరంగజేబు మరణించాక అతని కుమారుల మధ్య వారసత్వ యుద్ధం జరిగింది. గెలిచిన బహదూర్ షా, హైదరాబాదును కేంద్రంగా చేసుకొని స్వతంత్రం ప్రకటించుకొన్న తమ్ముడు కామ్ బఖ్ష్ పైకి దక్షిణానికి బయలుదేరాడు. 1709 జనవరిలో హైదరాబాదు సమీపంలో జరిగిన పోరులో కామ్ బఖ్ష్ మరణించాడు. అయితే ఆ పటాలంతో పాటు ప్రయాణించిన గురు గోవింద్ సింగ్ హైదరాబాదు దాకా రాలేదు. నాందేడ్‌లో ఆగాడు. అక్కడే మాధోదాస్ అనే బైరాగిని బందా సింగ్‌గా మార్చి పంజాబుకు పంపాడు. అక్కడే ఒక పఠాను చేతి కత్తిపోటుకు గురై, 1708 అక్టోబరు 7న కన్నుమూశాడు. తన తరువాత గురుస్థానం గ్రంథానిదేనని ప్రకటించిందీ ఇక్కడే.

తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ అబ్‌చల్‌నగర్ సాహిబ్ అన్న పేరుగల నేటి కట్టడాన్ని మహారాజా రంజిత్ సింగ్ 1832-1837 మధ్య కట్టించాడు. పంజాబు నుంచి పనివారు, ధనం, బంగారం వచ్చాయి. లోపలి గదిలో గురువువిగా భావించే ఆయుధాలు ఉన్నాయి: బంగారు పిడిబాకు, తుపాకి, బాణాలతో అమ్ములపొది, ధనుస్సులు, పొదిగిన ఉక్కు డాలు, కత్తులు. వాటిని భక్తులకు చూపుతారు. ప్రతిదినం గోదావరి నుంచి బిందెతో నీరు తెచ్చి మందిరాన్ని కడగడం అక్కడి విధుల్లో ముఖ్యమైనది. ఆ గోదావరే దిగువకు వచ్చి కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది.

లాహోరీ ఫౌజ్

నాందేడ్‌లో గురుద్వారా లేస్తున్న సంవత్సరాల్లోనే హైదరాబాదుకు సిక్కు సైనికులు వచ్చారు. ఈ రెండింటినీ వేరువేరుగా చూడలేము. అప్పటి దివాను మహారాజా చందూలాల్ పంజాబీ ఖత్రీ, నానక్‌పంథ్ అనుయాయి. 1806 నుంచి పేష్కారుగా, 1832 నుంచి దివానుగా రాజ్యపు ఆర్థిక వ్యవహారాలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. 1843లో పదవి వదులుకొనే నాటికి ఖజానా అప్పుల్లో కూరుకుపోయింది. శిస్తు వసూలు చేయడమే ఆనాడు కష్టం. తాలూకాలను గుత్తకు తీసుకొన్నవారు, సంస్థానాధీశులు, సాహుకార్లు ఎవరికి వారు అరబ్బు, రోహిల్లా దళాలను పెట్టుకొన్నారు. ఆ దళాలకు జీతం బాకీ పడితే అవే ఊళ్ల మీద పడేవి. ఈ స్థితిలో చందూలాల్ ప్రయత్నంతో, నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రంజిత్ సింగ్ రాజ్యం నుంచి ఒక సిక్కు దళం హైదరాబాదుకు వచ్చింది. దానికి లాహోరీ ఫౌజ్ అనీ, జమియత్-ఎ-సిఖ్ఖాన్ అనీ పేర్లు. హైదరాబాదు శివారులో అత్తాపూర్ దగ్గరి సిక్కు ఛావనీ, అక్కడి బరంబాలా గురుద్వారా ఆ దళపు గుర్తులు. శిస్తు వసూలు, ఖజానా కాపలా, తిరుగుబాటు జమీందార్లపై దండు వెళ్లడం వీరి పనులు.

దక్షిణ తెలంగాణకు ఇది అపరిచితమైన దృశ్యం కాదు. వనపర్తి సంస్థానాధీశుడు పోషించిన ఆఫ్రికన్ అశ్వికదళం తరువాత నిజాం కొలువుకు చేరింది; హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అన్న పేటపేరు దాని జ్ఞాపకమే. బార్కస్ అన్న మరో పేట పేరు అరబ్బు సైనికుల బ్యారక్స్ నుంచి వచ్చింది. అరబ్బులు, సిద్దీలు, రోహిల్లాలు, సిక్కులు అందరూ దూరదేశాల నుంచి ఆయుధవిద్యను జీవనాధారంగా తెచ్చుకొన్నవారే. సంస్థానాల రాజకీయ చరిత్రను సాహిత్యపోషణ, దేవాలయ నిర్మాణాల దృష్టితోనే రాయడం తెలుగు పరిశోధనలో అలవాటుగా మారింది. కిరాయి సైనికుల సామాజిక చరిత్రకు అందులో దక్కిన చోటు స్వల్పం.

గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఔరంగజేబు సేనలతో పోరాడిన సమాజం నుంచి వచ్చిన వారు, మొగల్ సుబేదారు వంశీయుడైన నిజాం కొలువులో శతాబ్దానికి పైగా నమ్మకస్థులుగా పనిచేశారు. హోలా మహల్లాను మతాల మధ్య శత్రుత్వపు స్మారకంగా చదివేవారు దక్కను అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇక్కడ కత్తి ముందుగా జీతానికి సంబంధించినది. ఏటి పండుగ నాటి సాధన ఆ జీతానికి అర్హత.

ఈ సైనికులలో చాలామంది స్థానిక స్త్రీలను వివాహమాడారు. వారి సంతతే దక్కనీ సిక్కులు. తెలంగాణ జిల్లాల్లో స్థిరపడిన వారు తెలుగు, దక్కనీ ఉర్దూ ఇంటి భాషలంత సహజంగా మాట్లాడతారు. పంజాబీ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్త బీరిందర్ పాల్ సింగ్ దక్కను సిక్కులపై చేసిన అధ్యయనం వీరినీ, సిక్లీగర్లనూ, బంజారా సిక్కులనూ వేర్వేరు సమూహాలుగా పరిశీలించింది. సిక్లీగర్ అన్న మాటకు మూలం మెరుగుపెట్టడం అనే అర్థమున్న ‘సైకల్’ అనే అరబీ పదం. ఒకప్పుడు ఖాల్సా సైన్యానికి కత్తులు చేసి మెరుగుపెట్టిన వారు, నేడు వంటింటి కత్తులు, ఇనుప సామాన్లు, తాళాల పనితో బతుకుతున్నారు.

రాజ్యపు సరిహద్దు కాపాడిన ఆచారం

1849లో బ్రిటిషువారు పంజాబును కలుపుకొన్న వెంటనే ప్రజలను నిరాయుధులను చేశారు; లక్షకు పైగా ఆయుధాలు స్వాధీనం చేసుకొన్నారు. 1878 ఆయుధ చట్టం వల్ల సిక్కులు మతపరంగా ధరించే కృపాణ్ కూడా వివాదంలో పడింది. 1914 తరువాత గాని క్రమంగా మినహాయింపు రాలేదు. మరోవైపు, 1873లో మొదలైన సింగ్ సభ ఉద్యమం సిక్కు ఆచారాల్లో హిందూ ఛాయలుగా తోచిన వాటిని తొలగించింది. 1920లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఏర్పడింది. 1925 గురుద్వారాల చట్టం పంజాబు ఆలయాలను దాని అధీనంలోకి తెచ్చింది. ఆచార నియమావళి 1945లో ఆమోదం పొందింది.

ఈ రెండు మార్పులూ హైదరాబాదు రాజ్యంలో నేరుగా అమలు కాలేదు. బ్రిటిషు ఇండియా ఆయుధ చట్టం ఇక్కడి చట్టం కాదు. సిక్కు దళం సాయుధంగానే కొలువులో కొనసాగింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగిరీలో, 1853-1883 మధ్య, జిల్లాల వ్యవస్థ, పోలీసు శాఖ వచ్చిన తరువాత కూడా అరబ్బు, సిక్కు వంటి దళాలు రద్దు కాలేదు. అవి ‘నజ్మ్-ఎ-జమియత్’ అన్న విభాగం కిందికి వచ్చాయి. సింగ్ సభ సంస్కరణ లాహోరు, అమృత్‌సర్‌లలో ఎంత బలంగా వీచినా గోదావరి ఒడ్డుకు మందకొడిగానే చేరింది. 1925 చట్టం నాందేడ్‌కు వర్తించలేదు.

ఫలితం నేటికీ కనిపిస్తుంది. నాందేడ్‌లో గురుగ్రంథంతో పాటు దశమ గ్రంథాన్ని ప్రతిష్ఠించి పఠిస్తారు. దీపాలతో హారతి ఇస్తారు. దసరా, హోలా సందర్భాల్లో మేకను ఒకే వేటుతో నరికే ‘ఝట్కా’, ఆ రక్తంతో ఆయుధాలకు తిలకం దిద్దడం ఆచారంలో ఉన్నాయి. ఆనంద్‌పూర్, అమృత్‌సర్ నిర్వాహకులు వీటిలో చాలావాటిని అంగీకరించరు. నిహంగులు మాత్రం ఇదే ప్రాచీన మర్యాద అంటారు. ఎవరి వాదన సరైనదో తేల్చడం వేదాంతుల పని. చరిత్ర విద్యార్థికి తోచేది ఒకటి: ఆచారపు వయస్సును కొలిచేటప్పుడు మతగ్రంథాల కన్నా పరిపాలనా సరిహద్దులను ముందు పరిశీలించాలి. దసరా నాడు ఆయుధపూజ చేసి జమ్మి పంచుకొనే తెలంగాణ ప్రజలకు నాందేడ్ విధి అంత వింతగా తోచకపోవచ్చు. భేదం ఏమంటే, ఆయుధపూజలో ఆయుధం పీట మీద కదలక ఉంటుంది. నాందేడ్‌లో పూజ ముగిశాక అది చేతికి వస్తుంది.

ఆ ఘట్టమే హల్లా. నిశాన్ సాహిబ్ జెండాలు, నగారా, గురువు గుర్రం సంతతివని నమ్మే గుర్రాలు ముందు నడుస్తాయి. అగ్రభాగాన నడిచే గుర్రంపై ఎవరూ ఎక్కరు. ఆ జీను గురువుదే. ఊరేగింపు నిర్ణీత స్థలానికి చేరాక ‘అర్దాస్’ ప్రార్థన జరుగుతుంది. అది ముగియగానే జయజయధ్వానాలతో వేలాది మంది దూసిన కత్తులు, బల్లేలు పైకెత్తి ఒక్కసారిగా ముందుకు పరుగెత్తుతారు. వృద్ధులు, పిల్లలు కూడా ఆ పరుగులో ఉంటారు. ఎదుట శత్రుపక్షం లేదు. ఆనంద్‌పూర్‌లో తొలినాళ్లలో ఉన్న రెండు దళాల్లో ఒకటి మాత్రమే ఇక్కడ మిగిలింది.

సైన్యం రద్దయ్యాక

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో నిజాం పాలన అంతమైంది. తరువాత అక్రమబద్ధ దళాలన్నీ రద్దయ్యాయి. కొందరు సిక్కులు పోలీసు కొలువులో కుదురుకొన్నారు. మిగిలినవారు డ్రైవర్లుగా, చిన్న వ్యాపారులుగా, మెకానిక్కులుగా బతుకుతెరువు వెతుక్కొన్నారు. రద్దయిన సైన్యాల్లో ఒక్కొక్కటి ఒక్కో గుర్తును వదిలింది. అరబ్బుల, సిద్దీల యుద్ధవాద్యం ‘మర్ఫా’గా హైదరాబాదు పెళ్లిళ్లలో మోగుతున్నది, పిడిబాకులు తిప్పుతూ ఆడే ఆట అందులో మిగిలింది. సిక్కులకు హల్లా మిగిలింది. పెళ్లి వేడుకలో కలిసిపోయిన మర్ఫాను కులమతభేదం లేకుండా అందరూ డబ్బిచ్చి పిలుస్తారు. హల్లాను అట్లా పిలిపించుకోలేరు. అది ఒక క్షేత్రానికి, ఒక తిథికి కట్టుబడి ఉంది. కాబట్టి దాని మనుగడ ఆ క్షేత్రపు పాలనపై ఆధారపడింది.

నాందేడ్ గురుద్వారా పాలనను నేటికీ నిర్ణయిస్తున్న మూలచట్టం 1956లో హైదరాబాదు శాసనసభ చేసినదే. ఆ ఏడే రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి, ఆ తరువాత 1960లో మహారాష్ట్రకు చేరింది. రాజ్యం మూడు ముక్కలైనా చట్టం మిగిలింది. తెలంగాణ సిక్కులకు నాందేడ్ పొరుగు రాష్ట్రపు యాత్రాస్థలం కన్నా ఎక్కువ కావడానికి ఇదొక కారణం. 1901 నాటికి పూర్తయిన హైదరాబాదు-గోదావరి లోయ రైలుమార్గం మరో కారణం. ఆ మార్గం మీదుగానే ఈనాటికీ కాచిగూడ నుంచి నాందేడ్‌కు రైళ్లు పోతాయి.

2021 మార్చి 29న ఆ ఆచారం కఠినమైన పరీక్షకు గురైంది. కోవిడ్ రెండవ ఉధృతి కారణంగా ఊరేగింపుకు అనుమతి ఇవ్వలేదు. వేడుకలు ప్రాంగణం లోపలే జరుగుతాయని నిర్వాహకులు అంగీకరించారు. సాయంత్రం నిశాన్ సాహిబ్ ద్వారం వద్దకు చేరగానే కొందరు యువకులు అడ్డుకట్టలు ఛేదించి బయటికి దూసుకువచ్చారు. పోలీసులు గాయపడ్డారు, వాహనాలు ధ్వంసమయ్యాయి, కేసులు నమోదయ్యాయి. దూసిన కత్తులతో పరుగెత్తే జనం దృశ్యాలు దేశమంతటా ప్రసారమయ్యాయి. నేపథ్యం తెలియని వారికి ఏటా జరిగే విధికీ, ఆనాటి హింసకూ తేడా కనిపించలేదు.

ఆ హింసను సమర్థించడానికి సంప్రదాయం అక్కరకు రాదు. ఆనంద్‌పూర్ అభ్యాసంలో గురువు న్యాయనిర్ణేతగా నిలబడి చూసేవాడు; ఎప్పుడు ఆగాలో తెలియడం ఆ విద్యలో భాగం. లాహోరీ ఫౌజ్ కాలంలో దాడికి ఆజ్ఞ ఇచ్చే అధికారీ, తప్పితే శిక్షించే వ్యవస్థా ఉండేవి. ఈ రెండూ లేని చోట హల్లాకు హద్దు నిర్వాహకుల మాట, ఊరేగింపు మార్గం మాత్రమే. ఆనాడు మార్గం మూసుకుపోయింది, మాట నిలవలేదు. మరోవైపు, ఆ ఒక్క సాయంత్రాన్ని ఆధారంగా చేసుకొని పండుగనే శాంతిభద్రతల సమస్యగా పరిగణించడం కూడా సరికాదు. మూడు శతాబ్దాలుగా ఆ క్షేత్రంలో సాయుధ జనసమూహం ఏటేటా పరుగెత్తి, ఆగి, కత్తులు ఒరల్లో పెట్టుకొని లంగరు పంక్తిలో కూర్చున్నది. రాజ్యాంగం 25వ అధికరణ మొదటి వివరణ సిక్కులకు కృపాణ్ ధరించే హక్కును గుర్తించింది. బహిరంగ స్థలంలో సామూహికంగా ఆయుధాలు దూసే విధిని గురించి మాత్రం అది మాట్లాడదు. ఆ ఖాళీని ఏటా జిల్లా యంత్రాంగం, గురుద్వారా బోర్డు కూర్చొని మాట్లాడుకొని పూరించుకోవలసి వస్తున్నది.

యుద్ధవిద్య మరో దారిలో కూడా ప్రయాణిస్తున్నది. గత్కా క్రీడగా మారి, నియమాలు, పాయింట్లు, రిఫరీలతో 2023లో గోవాలో జరిగిన జాతీయ క్రీడల్లో పోటీ అంశమైంది. హైదరాబాదులో గురునానక్ జయంతి నగర కీర్తనలో యువతీయువకులు గత్కా ప్రదర్శిస్తారు. తాలింఖానాల్లో కర్రసాము నేర్చిన తరం కనుమరుగవుతున్న ఊళ్లకు ఈ పరిణామం ఆసక్తికరమైనది. తెలంగాణ కర్రసాముకు ఇటువంటి వ్యవస్థీకరణ జరగలేదు. క్రీడలో రెండవ దళం తిరిగి వచ్చింది. ఎదుట ప్రత్యర్థి ఉన్నాడు, న్యాయనిర్ణేత ఉన్నాడు, గెలిచిన వారికి బహుమానం ఉంది. హోల్‌గఢ్ నాటి అమరికకు నాందేడ్ హల్లా కన్నా ఇదే దగ్గరగా ఉందని ఎవరైనా వాదిస్తే కాదనడం కష్టం. కానీ గత్కా పోటీ ఏ నెలలోనైనా, ఏ ఊళ్లోనైనా జరుగుతుంది. హల్లా మాత్రం కాముని పున్నమ మరునాడు, గోదావరి ఒడ్డున, రౌతు లేని ఆ గుర్రం వెనుకనే మొదలవుతుంది.